పాత లారీ క్యాబిన్‌లో మోత: స్పాంజి కొనే ముందు

పాత లారీ క్యాబిన్‌లో మోత తగ్గించాలని ఎవరికైనా అనిపిస్తే మొట్టమొదట చేసే పని స్పాంజి కొనడం. టాపుకి అర అంగుళం స్పాంజి, దాని మీద మెరూన్ రెక్సిన్, రెక్సిన్ నిండా బంగారు రంగు గుండీలు. విజయవాడ ఆటోనగర్‌లో సీటు పని చేసేవాళ్లని అడిగితే ఎక్కువ మంది చెప్పే వైద్యం ఇదే. "క్యాబిన్ సైలెంట్ అయిపోద్ది సార్" అని భరోసా కూడా ఇస్తారు. తీరా ఇంజన్ స్టార్ట్ చేస్తే అదే దడదడ. కాకపోతే క్యాబిన్ చూడ్డానికి బాగుంటుంది.

ఆ డబ్బు కంటికి దక్కుతుంది, చెవికి దక్కదు. నా వాదన ఇదే. మోత తగ్గాలంటే బొక్కలు మూయాలి, వదులైనవి బిగించాలి, బరువు పరవాలి. మెత్తటి సరుకు వంతు వచ్చేది ఇవన్నీ అయ్యాకే. ఈ మూడు పనుల్లో ఒక్కటీ అందంగా కనిపించదు. అందుకే వీటిని చేస్తామని ఎవరూ బోర్డు పెట్టుకోరు. మనమే చేసుకోవాలి.

మాది టాటా 1613, మూతి చదునుగా ఉండే రకం. అంటే ఇంజన్ క్యాబిన్‌కి ముందు ఉండదు. డ్రైవర్‌కీ క్లీనర్‌కీ మధ్య, బానెట్ అని పిలిచే రేకు మూత కింద ఉంటుంది. ఆరు సిలిండర్ల 697 ఇంజన్‌కీ మనిషి మోకాలికీ మధ్య ఆ రేకే అడ్డం. కొత్తలో దాని లోపల ఏదో మందం ఉండే ఉంటుంది. మా చేతికి వచ్చేసరికి అక్కడ నూనె మరకలు తప్ప ఏమీ లేవు. ఎక్కువగా మిల్లుల నుంచి కాకినాడ పోర్టుకు బియ్యం తోలతాం.

మా బాబాయ్ జీవితమంతా ఇలాంటి బళ్లే నడిపాడు. ఇప్పుడు ఆయనకు మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది గానీ ఏం మాట్లాడుతున్నారో తెలియదు. మగవాళ్ల గొంతు కొంత నయం, మనవరాలి మాట అసలు అందదు. మోతకు చెవి పాడైతే ముందు పోయేది 4000 హెర్ట్జ్ (సెకనుకి 4000 ఊపులు) చుట్టుపక్కల ఉండే సన్నటి శబ్దాలు. స, ష, త లాంటి అక్షరాల పదును ఉండేది ఆ పై స్థాయుల్లోనే. అందుకే "వినపడుతోంది, అర్థం కావట్లేదు" అంటారు. పోయిన ఆ వినికిడి మళ్లీ రాదు. ఇంట్లో అందరూ దాన్ని వయసు మీదకి నెట్టేశారు. వయసూ ఉంది, కాదనను. కానీ ఆయన కంటే పెద్దవాడు, పొలం పని చేసుకున్న మా పెదనాన్న గుసగుసలు కూడా పట్టేస్తాడు.

కొన్ని లెక్కలు చెప్పుకోవాలి, లేకపోతే ఇదంతా సుకుమారం కింద కొట్టేస్తారు. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ (మోతను కొలిచే లెక్క) మోతలో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా టైము సగమైపోతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు. మన ఫ్యాక్టరీల రూల్స్ ఇంకొంచెం ఉదారంగా 8 గంటలకు 90 దాకా ఒప్పుకుంటాయి. మా బండిలో అద్దాలు ఎత్తి, లోడుతో టాప్ గేరులో వెళ్తున్నప్పుడు డ్రైవర్ చెవి దగ్గర ఫోన్ పెడితే 88 దగ్గర ఆడేది. ఫోన్ యాప్ కొలత తూకం రాయి కాదు, నాకు తెలుసు. కానీ అదే ఫోన్, అదే చోటు, అదే స్పీడు అయితే ముందుకీ తర్వాతకీ తేడా చెప్పడానికి పనికొస్తుంది. ఆ 88 నిజమనుకుంటే, విజయవాడ నుంచి కాకినాడ చేరకముందే డ్రైవర్ చెవికి ఆ రోజు వాటా అయిపోయినట్టు. తిరుగు ప్రయాణం మొత్తం అప్పే. పైగా ఇంజన్ మోత మీద వినపడాలని పాటలు ఇంకా పెద్దగా పెడతారు, అదీ ఈ లెక్కలోకే వస్తుంది.

ఇప్పుడు స్పాంజి సంగతి. ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఒక్కో చుట్టుకి మూడుసార్లు పేలుతుంది. 1800 ఆర్‌పీఎం అంటే సెకనుకి 30 చుట్లు, 90 పేలుళ్లు. డ్రైవర్ కడుపులో తెలిసే ఆ అదురు 90 హెర్ట్జ్ శబ్దం. గాలిలో దాని తరంగం పొడవు దాదాపు 4 మీటర్లు. అంత పొడవు తరంగాన్ని మెత్తటి సరుకుతో పీల్చుకోవాలంటే దాని మందం తరంగంలో నాలుగో వంతుకి దరిదాపుల్లో ఉండాలి, అంటే ఇంచుమించు ఒక మీటరు. మనం పెట్టేది అర అంగుళం! అర అంగుళం స్పాంజి పీల్చేది సన్నటి శబ్దాలని, అదీ క్యాబిన్ లోపలికి వచ్చేసి గోడలకు కొట్టుకుంటున్న వాటిని. లోపలికి రాకుండా అది దేన్నీ ఆపదు. గాలి దూరే సరుకులోంచి శబ్దమూ దూరుతుంది. నోటికి అడ్డం పెట్టుకుని ఊది చూడండి, అవతలికి గాలి వస్తే అది మోతకు అడ్డం కాదు.

మరి ఏది అడ్డం? బరువు. శబ్దం ఒక రేకుని కదిపి అవతలికి పోతుంది. రేకు ఎంత బరువుంటే అంత కష్టంగా కదులుతుంది. అడ్డం బరువు రెట్టింపు చేస్తే కాగితం మీద 6 డెసిబెల్స్ తగ్గాలి, బండిలో అంత రాదు. ఒక మిల్లీమీటరు ఇనప రేకు చదరపు మీటరుకి దాదాపు 8 కిలోలు. కార్లవాళ్లు బరువు పెరుగుతుందని భయపడి పల్చటి, ఖరీదైన సరుకు వాడతారు. పది టన్నులు మోసే బండికి ఇంకో ముప్పై, నలభై కిలోలు ఒక లెక్కా? లారీకి ఉన్న ఈ సుఖాన్ని ఎవరూ వాడుకోరు. నేను క్యాబిన్ ఫ్లోర్‌కి వేసింది పశువుల షెడ్డులో గేదెల కింద పరిచే రబ్బరు మ్యాట్. 15 మిల్లీమీటర్ల మందంది చదరపు మీటరుకి సుమారు 18 కిలోలు ఉంటుంది. రేకుతో కలిపితే మూడు రెట్లు దాటిన బరువు. డెయిరీ సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది, కార్ యాక్సెసరీస్ షాపుల్లో అమ్మే షీట్లతో పోలిస్తే చవక. పాత రబ్బరుతో చేసినవి కంపు కొడతాయి. ముక్క కోయించుకుని ఎండలో పెట్టి, వాసన చూసి తీసుకోవాలి. మడమ ఆనే చోట మందంగా ఉన్నా పర్లేదు గానీ యాక్సిలరేటర్, బ్రేకు, క్లచ్ కింద మాత్రం మ్యాట్ కోసి తీసేయాలి. పెడల్ చివరిదాకా దిగుతోందో లేదో చేత్తో నొక్కి చూడాలి. మ్యాట్ జరిగి బ్రేకు కిందకి పోయిందంటే తర్వాత చెవుల గురించి ఆలోచించే అవసరం ఉండకపోవచ్చు. అందుకే మూలల్లో స్క్రూలు కొట్టించాను.

అయితే బరువు పరవడం తర్వాతి పని. మొదటిది బొక్కలు. గట్టు ఎంత ఎత్తు పోసినా ఒక్క ఎండ్రకాయ బొక్క చాలు, తెల్లారేసరికి మడి ఎండిపోతుంది. శబ్దానికీ ఇదే లెక్క. ఒక అడ్డంలో నూరో వంతు ఖాళీ ఉంటే, మిగతా తొంభై తొమ్మిది వంతులు ఎంత మందంగా కట్టినా 20 డెసిబెల్స్‌కి మించి ఆగదు. చదరపు మీటరు బానెట్‌లో నూరో వంతంటే పది సెంటీమీటర్ల చదరం. మీ బండిలో గేర్ రాడ్ చుట్టూ చినిగిపోయిన రబ్బరు తొడుగు ఒకసారి చూడండి. ఆ ఒక్కటే అంత ఉంటుంది.

బొక్కలు వెతకడానికి యంత్రాలేం అక్కర్లేదు. చీకటి పడ్డాక క్యాబిన్ లోపల మంచి వెలుగున్న బల్బు పెట్టి, ఇంజన్ ఆపి, బండి కింద పడుకుని పైకి చూడాలి. మా దాంట్లో క్లచ్ పెడల్ కంత, స్టీరింగ్ రాడ్ దిగే చోటు, వైరింగ్ కట్ట దూరే చోటు, బానెట్ అంచు పొడుగునా ఒక గీత, ఎప్పుడో తీసేసిన పాత హారన్ పైపు కోసం కొట్టిన రంధ్రం, అన్నిట్లోంచీ వెలుగు కిందికి కారుతూ కనిపించింది. ఎక్కడ వెలుగు దిగుతుందో అక్కడి నుంచి మోత ఎక్కుతుంది. మోతతో పాటు వేడీ, పొగా. సైలెన్సర్ దగ్గర ఎక్కడైనా లీకుంటే ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఈ దారుల్లోనే వచ్చి రాత్రిపూట డ్రైవర్‌ని మగతలో పడేస్తుంది. కాబట్టి ఈ పని ఒక్కటే చేసి మిగతావి వదిలేసినా డబ్బు దండగ కాదు.

కదలని బొక్కకు రేకు ముక్క, రివెట్లు, అంచుకి సీలెంట్. వైర్లు దూరే చోట రబ్బరు గ్రోమెట్, అంటే రంధ్రం అంచుకి తొడిగే రింగు, వేయాలి. వైరు మీద నేరుగా సీలెంట్ పూస్తే రేపు వైరింగ్ చేసేవాడు మనల్ని తిట్టుకుంటాడు. పెడల్స్, గేర్ రాడ్ లాంటి కదిలేవాటికి కొత్త రబ్బరు తొడుగులు. దొరక్కపోతే లారీ ట్యూబు ముక్కలు రెండు పొరలుగా, చీలికలు ఒకదాని మీద ఒకటి పడకుండా కోసి బిగించొచ్చు. డోర్లకు కొత్త బీడింగ్, అంటే అంచు చుట్టూ వేసే రబ్బరు పట్టీ. కాగితం ముక్క పెట్టి డోర్ వేసి లాగితే బిగుతుగా రావాలి, జారిపోతే అక్కడ రబ్బరు పని చేయట్లేదు. ఒక్కోసారి తప్పు రబ్బరుది కాదు, కిందికి వాలిపోయిన డోర్ కీలుది. డోర్ కింది అంచున ఉండే చిన్న రంధ్రాలు మాత్రం మూయకండి. వాన నీళ్లు పోయేది వాటిలోంచే.

బానెట్ మీద నేను ఎక్కువ టైము పెట్టాను, ఎందుకంటే సగం మోత అక్కడిదే. అంచు చుట్టూ ఉన్న రబ్బరు ఎండి, పలకలు పలకలుగా ఊడొచ్చింది. దాన్ని గీకేసి మందమైన స్పాంజి రబ్బరు బీడింగ్ వేశాం. క్లిప్పులు వదులైతే బీడింగ్ నొక్కుకోదు, క్లిప్పుల కింద వాషర్లు వేసి బిగుతు తెచ్చాం. లోపలి వైపు, అంటే ఇంజన్ వైపు, ఒక వైపు పల్చటి రేకు అంటించిన గ్లాస్ ఊల్ (గాజు పీచు) పెట్టి, మీద సన్నటి జాలీ వేసి బోల్టులు కొట్టాం. గ్లాస్ ఊల్ ముట్టుకునేటప్పుడు చేతులకు గ్లోవ్స్, ముక్కుకి మాస్క్ ఉండాలి. లేకపోతే రాత్రంతా దురద. బయటి వైపు, మనిషి వైపు, మళ్లీ అదే రబ్బరు మ్యాట్. ఇది అయ్యాక డ్రైవర్ మొదట గమనించింది మోత తగ్గడం కాదు, ఎడమ కాలు కాలకపోవడం.

ఇంజన్ వైపు జనపనార ఫెల్టు, గోనె, పాత దుప్పటి లాంటివి పెట్టడం నేను చాలా బళ్లలో చూశాను. దయచేసి తీసేయండి. అవి డీజిల్, ఇంజన్ ఆయిల్ పీల్చుకుని ఇంజన్ పొగ బయటికి పోయే వేడి మ్యానిఫోల్డ్ పక్కన కూర్చుంటాయి. లోపల వాడే మామూలు స్పాంజి, థర్మకోల్, ప్యాకింగ్ ఫోమ్ కూడా నా లెక్కలో దీనికి తక్కువేం కాదు. పాలీయురెథేన్ స్పాంజి అంటుకుంటే మంట పరిగెత్తుతుంది, పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సైనైడ్ కూడా వస్తుంది. మన క్యాబిన్లలో అగరొత్తి, బీడీ, ఇరవై ఏళ్ల నాటి వైరింగ్ ఒకే చోట ఉంటాయి. వెనక బెర్తులో ఒక మనిషి పడుకుని ఉంటాడు. ఏది కొన్నా చిన్న ముక్క కోసి, ఆరుబయట పట్టకారుతో పట్టుకుని లైటర్ వెలిగించి చూడండి. లైటర్ తీసినా మండుతూ చుక్కలు కారుస్తుంటే ఆ సరుకు షాపులోనే వదిలేయాలి. నేను టాపుకి వాడింది ఏసీ పైపులకు చుట్టే నల్లటి నైట్రైల్ ఫోమ్ షీటు. నీళ్లు పీల్చదు, వేడిని బాగా ఆపుతుంది, నేను తెచ్చింది లైటర్ తీయగానే ఆరిపోయింది. టాపు కింద నా ముఖ్య ఉద్దేశం ఎండే, మోత కాదు.

రేకుల మోత వేరే జాతి. డోర్ మధ్యలో, వెనక గోడ మీద వేలు మడిచి కొట్టి చూడండి. "టంగ్" అని సాగితే ఆ రేకు ఇంజన్‌తో పాటు తనూ మోగుతోందన్నమాట. బ్యూటైల్ షీట్లు పనికొచ్చేది ఇక్కడే. పైన అల్యూమినియం పొర, కింద జిగటగా ఉండే బ్యూటైల్ రబ్బరు. రేకు ఊగినప్పుడు ఆ జిగురు మధ్యలో నలిగి ఊపుని వేడిగా మార్చేస్తుంది. అమ్మేవాళ్లు గోడంతా అతికించమంటారు. అక్కర్లేదు. మోగే రేకు మధ్యలో మూడో వంతు, నాలుగో వంతు కప్పితే "టంగ్" కాస్తా "టప్" అవుతుంది, ఆ పైన వేసేదంతా షాపువాడి లాభం. తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి ఆరనిచ్చి, థిన్నర్‌తో జిడ్డు తుడిచి, రోలర్‌తో గట్టిగా నొక్కాలి. గాలి బుడగ మిగిలిన చోట అది పని చేయదు. దీనికి బదులు చవగ్గా వస్తుందని డాబా లీకులకు వాడే తారు టేపు వేస్తారు కొందరు. మే నెల ఎండకు కాలే రేకు మీద తారు మెత్తబడి జారుతుంది, క్యాబిన్ అంతా రోడ్డు వేస్తున్న వాసన.

ఇక గలగలలు. లారీ బాడీ కట్టే షెడ్డుల్లో చెక్క ఫ్రేము మీద రేకు, లోపల ప్లైవుడ్ కొట్టిన క్యాబిన్లలో మేకులు కాలక్రమాన వదులవుతాయి. ఒక మనిషి బండి నడుపుతుంటే ఇంకొకరు అరచేత్తో ఒక్కో పలకని అదిమి చూడాలి. ఎక్కడ అదిమితే ఆగిందో అక్కడ చాక్‌పీసుతో గీత. మేకు తీసి స్క్రూ, మధ్యలో ఫెల్టు పట్టీ. బెర్తు పలక, టూల్ బాక్సు మూత, జాకీ రాడ్, దేవుడి పటం ఫ్రేము కూడా ఇందులో నిందితులే.

ఇవన్నీ మొదలుపెట్టేముందే చూడాల్సింది ఒకటుంది. ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లు, అంటే చాసిస్ మీద ఇంజన్ కూర్చునే రబ్బరు దిమ్మలు. అవి రాయిలా గట్టిపడి ఉంటే ఇంజన్ అదురు చాసిస్ మీదుగా నేరుగా క్యాబిన్‌లోకి ఎక్కుతుంది, పైన ఎన్ని పొరలు వేసినా దాన్ని ఆపలేం. న్యూట్రల్‌లో ఇంజన్ తిరుగుతుంటే సైడు అద్దంలో బొమ్మ మసకగా ఊగుతోందంటే ముందు వాటినే అనుమానించాలి. క్యాబిన్ బుష్‌లు, మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్, సైలెన్సర్ కూడా అంతే. ఇవి రిపేరు ఖర్చు కింద పోయేవి, ఇన్సులేషన్ ఖాతాలో రాయకూడదు.

దీనంతటికీ మా డ్రైవర్ నుంచి వచ్చిన అభ్యంతరం చాలా న్యాయమైంది. "మోత వినపడకపోతే బండికేమైందో ఎలా తెలుస్తుంది అబ్బాయిగారూ?" పాతకాలం డ్రైవర్లు మీటర్లు చూసి కాదు, చెవితో బండి నడుపుతారు. నా జవాబు ఏంటంటే, హోరులో వాళ్లు వింటున్నది చాలా తక్కువ. పని అయ్యాక ఆయనే ఒకరోజు ఫోన్ చేసి, బ్రేకు తొక్కి పట్టుకుంటే కాళ్ల కింద సన్నగా "స్స్‌స్" అంటోందని చెప్పాడు. బ్రేకు వాల్వు దగ్గర గాలి లీకు. ట్యాంకులో గాలి దిగిపోతోందని అంతకుముందు ఒక మెకానిక్ ట్యాంకు మార్చమని చెప్పి ఉన్నాడు. ఆ లీకు ఎన్నాళ్ల నుంచి ఉందో గానీ మోత కింద దాక్కుంది. తగ్గించేది బండి మాటని కాదు, దాని మీద పడి అరిచే రొదని.

అదే ఫోన్, అదే చోటు, అద్దాలు ఎత్తి చూస్తే ఇప్పుడు 82 చుట్టూ ఆడుతోంది. ఆరే కదా అనుకోవద్దు. నియోష్ లెక్కలో 88కి 4 గంటలైతే 82కి 16 గంటలు. డ్రైవర్ కొలమానం వేరు. పక్కన కూర్చున్న క్లీనర్‌తో అరవకుండా మాట్లాడొచ్చు, హెడ్‌ఫోన్ లేకుండా ఫోన్ లిఫ్ట్ చేసి "తర్వాత చేస్తా" అని చెప్పొచ్చు. కాకినాడలో దిగాక చెవుల్లో గుయ్యిమనడం తగ్గిందట. డ్రైవర్లు దొరకట్లేదని గోలపెట్టే ఓనర్లం, టాపుకి రెక్సిన్ గుండీలు కొట్టించే ముందు వాళ్ల చెవి దగ్గర ఒకసారి ఫోన్ పెట్టి చూడాలి.

తేలనిది ఒకటుంది, అద్దాలు. పై లెక్కంతా అద్దాలు ఎత్తినప్పుడు. మే నెలలో తణుకు, రావులపాలెం మీదుగా పట్టపగలు వెళ్లే బండికి అద్దాలు ఎవడు ఎత్తుతాడు? అద్దం దించగానే టైర్ల మోత, గాలి, పక్క బస్సు హారన్ అన్నీ లోపలే. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మీడియం, హెవీ లారీల క్యాబిన్లకు ఏసీ ఉండాలని కేంద్రం రూలు తెచ్చింది. మంచిదే. ఆ రూలుతో అందరూ వేడి గురించే మాట్లాడారు గానీ, అద్దాలు మూసుకునే వీలు రావడం చెవులకు కూడా పెద్ద మేలు. కాకపోతే అది కొత్త బళ్లకి. మా 1613 లాంటివి ఇంకా కొన్నేళ్లు తిరుగుతాయి. వాటికి బయట ఏసీ బిగించే వాళ్లున్నారు, కంప్రెసర్‌కి బ్రాకెట్, బెల్టు, డీజిల్ ఖర్చు చూసి ప్రస్తుతానికి ఆగాను. వేసవిలో పగటి లోడ్లు తగ్గించి రాత్రి ట్రిప్పులు ఒప్పుకుంటున్నాను. టాపుకి గాలి దూరే మూత ఒకటి, వెనక వైపు చూసేలా పెట్టిస్తే అద్దాలు సగం ఎత్తి నడపొచ్చని మేస్త్రి అంటున్నాడు. వానాకాలంలోపు పెట్టించాలి. దాని చుట్టూ వేసే రబ్బరు మాత్రం నేనే కొనిస్తానని ముందే చెప్పాను.